ఫోను చెడిపోయిందంటే ఏది చెడిపోయినట్టు?

(మండికల్‌లో జరిగిన విద్యార్థి వేతనాల పంపిణీ సభలో ఒక విశ్రాంత బ్యాంకు గుమాస్తా చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను పిలిచి, "బ్యాంకులో పనిచేశారు గదా, పొదుపు గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. మొబైల్ ఫోను లోపలి భాగాల గురించి చెప్తానంటే ఆయన కాసేపు నా ముఖం చూశారు. నేను చదివింది బి.కాం. చేసింది ముప్పై నాలుగేళ్ల గుమాస్తా ఉద్యోగం. ఇంజనీరును కాను, రిపేరి అంగడి పెట్టినవాణ్ణీ కాను. అయినా ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నానో ముందు చెప్పి, తర్వాత ఈ డబ్బాలో తెచ్చిన సామాను చూపిస్తాను.

మా వీధిలో ఒక అమ్మాయి ఉంది. పేరు వద్దు. ఆ అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదివేటప్పటి మాట. తల్లి రోజాపూల తోటలో కూలికి పోతుంది. ఇంటికంతటికీ ఒకటే ఫోను. బ్యాంకు ఖాతాకూ, ఆధారుకూ, కాలేజీకీ ఇచ్చింది ఆ ఒక్క నంబరే. సరిగ్గా స్కాలర్‌షిప్ అర్జీ వేసే రోజుల్లో ఆ ఫోను చార్జి ఎక్కడం మానేసింది. తల్లి తీసుకెళ్లి రిపేరి అంగడిలో ఇచ్చింది. ఉన్నది ఉన్నట్టే, సిమ్ముతో సహా ఇచ్చింది. "రేపు రండి", "పార్టు బెంగళూరు నుంచి రావాలి", "సోమవారం రండి" అంటూ పన్నెండు రోజులు గడిచాయి. అమ్మాయి సైబర్ సెంటరుకు పోయి అర్జీ నింపుతుంటే ఓటీపీ ఎక్కడికి పోవాలి? అంగడి డ్రాయరులో ప్రాణం లేకుండా పడున్న ఫోనుకు. గడువు దాటిపోయింది.

మధ్యలో ఒకరోజు ఆ తల్లి నా దగ్గరకు వచ్చి, "అన్నా, నువ్వు బ్యాంకులో చేసినోడివి, ఏం చేయమంటావు?" అని అడిగింది. "ఇంకో రెండు రోజులు చూడమ్మా, వచ్చేస్తుందిలే" అన్నాను. సిమ్ము తీసుకొచ్చి వేరే ఫోనులో వేసుకోమని చెప్పాలని నాకు తోచలేదు. ఆ ఏడు ఫీజుకు ఆమె కమ్మలు కుదువ పెట్టింది. బంగారు అప్పుల కౌంటరులో ఏళ్ల తరబడి కూర్చున్నవాణ్ణి, ఆ కమ్మల బరువెంతో తూకం వేయకుండానే చెప్పగలను. చివరకు ఆ ఫోనులో పోయింది కొన్ని వందల రూపాయల చిన్న భాగం. ఆ రోజు నుంచి ఈ ఫోను లోపల ఏముందో తెలుసుకోవాలని పట్టుబట్టాను.

మా కాలంలో బ్యాంకులో అన్నీ లెడ్జర్లే. సాయంత్రం లెక్క కుదరకపోతే ఇంటికి పోయేది లేదు. కొత్తగా చేరినప్పుడు తేడా వస్తే మొదటి పేజీ నుంచి మళ్లీ కూడేవాణ్ణి. మా సీనియరు ఒకాయన నేర్పారు: "తేడా తొమ్మిదితో భాగిస్తే పోతుందా చూడు. పోతే ఎక్కడో అంకెలు తారుమారైనట్టు. 540 రాయాల్సింది 450 రాసి ఉంటావు. తేడా మొత్తంలో సగం ఎక్కడైనా ఉందా చూడు. ఉంటే జమ రాయాల్సింది ఖర్చులో రాశావు." అంటే తప్పు ఊరికే రాదు, తన ఆనవాలు వదిలి వస్తుంది. ఆ ఆనవాలు చూస్తే పేజీలన్నీ తిప్పే పని ఉండదు. ఫోనుకూ ఇదే పద్ధతి. "ఫోను చెడిపోయింది" అనేది పేజీలన్నీ మళ్లీ కూడేవాడి మాట. ఏ పని చేయట్లేదు, ఏ పని ఇంకా చేస్తోంది అని విడదీసి చెప్పగలిగితే సగం రిపేరి అయినట్టే. డబ్బు పడని పరీక్షలు ముందు, డబ్బు పడేవి తర్వాత.

ఇదిగో, ఇది నా పాత ఫోను. వెనక మూత తీసి తెచ్చాను. ఈ నల్లటి దిండులాంటిది బ్యాటరీ. పైన ఈ పచ్చ పలక మెయిన్ బోర్డు. కింద ఈ చిన్న పలకను చార్జింగ్ బోర్డు అంటారు, కొందరు సబ్ బోర్డు అంటారు. రెండింటినీ కలిపే ఈ పట్టీ ఫ్లెక్స్. ముందువైపు డిస్‌ప్లే. మిగతావి చిన్నవి: పైన చెవి దగ్గర స్పీకరు, కింద రింగరు, మైకు, కెమెరాలు, బటన్ల పట్టీ, సిమ్ము ట్రే. ఇంతే సంసారం.

మొదట చార్జింగ్ సంగతి చెప్తాను, ఎక్కువ మంది అంగడికి పోయేది దీనికే గనక. దీని మీద నా సొంత అవివేకం కూడా ఒకటుంది. 2021లో నా ఫోను చార్జి ఎక్కడం మానేసింది. దాని ఆయుష్షు అంతేనని నాకు నేనే తీర్పు చెప్పుకొని కొత్తది కొన్నాను. నాలుగు నెలల తర్వాత మా అన్న మనవడు సెలవులకు వచ్చి, పాత ఫోను చార్జింగ్ రంధ్రంలోకి టార్చి వేసి చూసి, "తాతా, ఇందులో దూది ఉంది" అన్నాడు. ఫోను ఆపేసి, పళ్లు కుట్టుకునే చెక్కపుల్లతో మెల్లగా తీస్తే బటాణీ గింజంత ముద్ద వచ్చింది. నా చొక్కా జేబు నూలే. పిన్ను లోపలికి పూర్తిగా దిగక చార్జి ఎక్కలేదన్నమాట. నేను కొత్త ఫోను పెట్టుకున్నది ఆ దూదికే. ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నవ్వుతారు.

కాబట్టి చార్జి ఎక్కకపోతే ముందు వేరే ప్లగ్గు, తర్వాత వేరే వైరు, తర్వాత వేరే అడాప్టరు చూడండి. ఎక్కువసార్లు చెడేది వైరే. మడత పడేచోట లోపలి తీగలు తెగుతాయి. తర్వాత రంధ్రం శుభ్రం చేయండి. చెక్కపుల్లే వాడాలి, గుండుసూది వద్దు. లోపలి పిన్నులు ఒకదానికొకటి తగిలి షార్టు అవుతాయి. శుభ్రం చేశాక కూడా వైరు వదులుగా ఊగుతూ, ఒక పక్కకు వంచి పట్టుకుంటేనే ఎక్కుతుంటే చార్జింగ్ బోర్డు అరిగినట్టు. చాలా ఫోన్లలో అది విడిగా మారుతుంది, పెద్ద ఖర్చు కాదు. మా వీధి అమ్మాయి ఫోనులో పోయింది అదే. ఇవన్నీ బాగున్నా ఎక్కకపోతే అప్పుడు బ్యాటరీనో, మెయిన్ బోర్డు మీది చార్జింగ్ ఐసీనో అనుమానించాలి. మొదటి మెట్టులోనే చివరి మెట్టు మాట ఎవరైనా చెప్తే, మధ్యవి చూశారా అని అడగండి.

ఇక బ్యాటరీ. ఈ లిథియం అయాన్ బ్యాటరీని మొదట అంగట్లోకి తెచ్చింది సోనీ కంపెనీ, 1991లో. దీన్ని కనిపెట్టడానికి దారి వేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. సైన్సు పిల్లలు ఆ పేర్లు రాసుకోండి. ఇది అరిగే వస్తువు. చాలా ఫోన్లలో సుమారు 500 నుంచి 1000 సార్లు పూర్తిగా చార్జి అయ్యేసరికి మొదటి సామర్థ్యంలో ఐదో వంతు పోతుంది. అది లోపం కాదు, అరుగుదల. మా కామర్సు భాషలో డిప్రిసియేషన్.

చాలామంది ఒక ఫిర్యాదు చేస్తారు: "ముప్పై శాతం చూపిస్తోంది సార్, కెమెరా తెరవగానే ఆరిపోతోంది." బోర్డు పోయిందేమోనని భయపడతారు. మన బోరు మోటార్లు గుర్తు తెచ్చుకోండి. త్రీఫేజు కరెంటు రాగానే ఊరంతా మోటార్లు వేస్తే ఓల్టేజి పడిపోయి, మోటారు మూలుగుతుంది గదా. బ్యాటరీ పాతబడితే లోపలి నిరోధం పెరుగుతుంది. ఊరికే ఉన్నప్పుడు ఓల్టేజి బాగానే కనిపిస్తుంది, కెమెరాలాంటిది ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే దిగిపోతుంది, ఫోను తనను తాను ఆపేసుకుంటుంది. బ్యాటరీ మారిస్తే చాలావరకు సరిపోతుంది.

బ్యాటరీకి శత్రువు వేడి. రేకుల షెడ్డులో కిటికీ పక్కన, ఎండలో బైకు మీద, రాత్రి దిండు కింద చార్జికి పెట్టి వదిలేయడం, ఇవి దాని ఆయుష్షు తింటాయి. వెనక మూత లేచినా, డిస్‌ప్లే ఒక పక్క ఉబ్బినా లోపల బ్యాటరీలో గ్యాసు చేరినట్టు. దాన్ని నొక్కి మూయకండి, పొడవకండి, మళ్లీ చార్జికి పెట్టకండి. పొయ్యిలో వేసే పని అసలు వద్దు. ఇది పిల్లల చేతికి తగలకుండా నేరుగా అంగడికి తీసుకుపోవాల్సిన రోగం.

పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2003లో వచ్చిన నోకియా 1100, దానికి టార్చి లైటు, వెనక మూత గోటితో తీస్తే బీఎల్-5సీ బ్యాటరీ ఊడి చేతికి వచ్చేది. 2007 ఆగస్టులో ఆ రకం బ్యాటరీల్లో కొన్ని వేడెక్కుతున్నాయని నోకియా ప్రకటించింది. 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు దాకా మత్సుషితా కంపెనీ చేసినవి, మొత్తం 4 కోట్ల 60 లక్షలు, మార్చి ఇస్తామన్నది. ఆ రోజు మా బ్రాంచిలో కౌంటరుకు ఇటువైపూ అటువైపూ అందరూ బ్యాటరీలు ఊడదీసి వెనక అంకెలు చూసుకోవడమే. ఇప్పటి ఫోన్లలో బ్యాటరీని జిగురుతో అంటించేస్తున్నారు. యూరప్ దేశాల్లో మాత్రం 2027 ఫిబ్రవరి నుంచి వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలని చట్టం చేశారు. ఆ గోటితో తీసే కాలమే మంచిదని నా అభిప్రాయం, పాతకాలపు మనిషి అనుకోండి పరవాలేదు.

డిస్‌ప్లే దగ్గరకు వద్దాం. ఖర్చు ఎక్కువయ్యేది ఇక్కడ. చూడ్డానికి ఒకటే అద్దం, నిజానికి మూడు పొరలు: పైన గాజు, దాని కింద వేలు గుర్తుపట్టే టచ్, అడుగున బొమ్మ వచ్చే ప్యానెలు. పగిలింది గాజు మాత్రమే అయి, బొమ్మా టచ్చూ బాగుంటే కంగారు పడక్కర్లేదు. కానీ మూడూ అతుక్కొని ఉంటాయి గనక అంగడిలో కలిపి మారుస్తారు, దాన్నే కాంబో అంటారు. తెర పూర్తిగా నల్లబడితే వెంటనే "ఫోను చచ్చిపోయింది" అనకండి. వేరే ఫోను నుంచి కాల్ చేయండి. రింగు వస్తే లోపల అంతా బతికే ఉంది, తెర మాత్రం పోయింది. ఎల్‌సీడీ రకమైతే చీకట్లో టార్చిని ఏటవాలుగా వేసి చూడండి. మసకగా బొమ్మ కనిపిస్తే ప్యానెలు బాగుంది, వెనక వెలుతురు ఇచ్చే బ్యాక్‌లైటు వరుసలోనే తప్పు.

ఇంకో వింత రోగం. కాల్ మాట్లాడుతుండగా తెర నల్లబడి, చెవి దగ్గర నుంచి తీసినా వెలగదు, కాల్ కట్ చేయడానికి వీలుండదు. పైన చెవి దగ్గర ప్రాక్సిమిటీ సెన్సారు అని ఒక కన్ను ఉంటుంది, చెంప దగ్గరకు రాగానే తెర ఆపేది అదే. దాని మీద స్క్రీన్‌గార్డు సరిగా అంటించకపోయినా, దుమ్ము చేరినా ఎప్పుడూ చెంప దగ్గరే ఉన్నాననుకుంటుంది. ఒకాయన దీనికి డిస్‌ప్లే మార్పించుకోబోతుంటే నేను చూసి స్క్రీన్‌గార్డు పీకించాను. ఆయన నాకు కాఫీ ఇప్పించాడు.

స్పీకర్లు, మైకుల విషయం త్వరగా చెప్తాను. అవతలి మాట మీకు వినపడకపోతే స్పీకరు, మీ మాట అవతలికి పోకపోతే మైకు. మైకును వాయిస్ రికార్డరులో మాట్లాడి విని పరీక్షించవచ్చు, పైసా ఖర్చు లేదు. ఎక్కువగా జాలీలో దుమ్ము చేరుతుంది. మెత్తటి పళ్ల బ్రష్షుతో పొడిగానే తుడవండి. సిమ్ము ట్రే తీసే సూదిని పొరపాటున పక్కనున్న మైకు రంధ్రంలో గుచ్చేవాళ్లు చాలామంది. సూది దిగేముందు ఏ రంధ్రమో ఒకసారి చూడండి. నెట్‌వర్కు రాకపోతే సిమ్మును తీసి, పొడిబట్టతో తుడిచి, వేరే ఫోనులో వేసి చూడండి. అక్కడ పనిచేస్తే సిమ్ము మంచిదే.

నీళ్లలో పడ్డ ఫోను విషయం జాగ్రత్తగా వినండి. తొట్టిలో పడిపోతుంది, మందు కొట్టేటప్పుడు జేబులో తడుస్తుంది. ఫోనును చంపేది ఒట్టి నీళ్లు కాదు. నీళ్లలోని ఉప్పులూ, లోపల పారే కరెంటూ కలిసి లోహాన్ని తినేస్తాయి. మన బోరు నీళ్లలో లవణాలు ఎక్కువని మీకు తెలుసు, ఇళ్లలో పాత్రల మీద తెల్లటి మరక చూస్తూనే ఉంటారు. అందుకని ముందు స్విచ్ ఆఫ్ చేయండి, "పనిచేస్తోందా" అని ఆన్ చేసి చూడకండి, చార్జికి అసలే పెట్టకండి. సిమ్ము ట్రే తీసి నీరు కారేలా నిలబెట్టి, త్వరగా విప్పి శుభ్రం చేసేవాళ్ల దగ్గరకు పోండి. బియ్యం డబ్బాలో పెట్టే వైద్యం పనికిరాదు. గింజల పిండి లోపలికి పోతుందని ఆపిల్ కంపెనీ కూడా 2024లో వద్దని చెప్పింది. అంగడిలో మూత విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో బోర్డు కడిగి ఆరబెడతారు, సరైన వైద్యం అది. చాలా ఫోన్లలో లోపల ఒక చిన్న తెల్ల స్టిక్కరు ఉంటుంది, తడి తగిలితే ఎర్రబడుతుంది. కాబట్టి "నీళ్లు తగల్లేదు సార్" అని సర్వీసు సెంటరులో అబద్ధం చెప్పి లాభం లేదు.

చివరిది మెయిన్ బోర్డు. ప్రాసెసరు, మెమొరీ, కరెంటు పంచే పవర్ ఐసీ, సిగ్నల్ ఐసీలు అన్నీ దీని మీదే. కొన్ని ఐసీలకు అడుగున ఆవగింజ కంటే చిన్న సీసపు గుండ్లలాంటి అతుకులుంటాయి, ఫోను గట్టిగా కింద పడితే అవి చిట్లుతాయి. ఏదైనా కెపాసిటరు షార్టయితే ఫోను మొత్తం లేవదు. ఇది మల్టీమీటరు, హాట్ ఎయిర్ గన్ పట్టుకున్న పనివాడి పని, మనది కాదు. అయితే "బోర్డు పోయింది" అనే మాట మన ఊళ్లలో మరీ సులువుగా వినిపిస్తోంది. ఆ మాట అంటే ఒక్కటే అడగండి: "నీళ్లా, దెబ్బా, షార్టా? మీటరు పెట్టి చూశారా?" నిజంగా చూసిన పనివాడు కోపగించుకోడు, చూపిస్తాడు. అలాంటి మంచి పనివాళ్లు మన దగ్గరా ఉన్నారు, వాళ్లకు ఇచ్చే కూలి దగ్గర బేరం ఆడకండి.

ఇప్పుడు నేను అసలు చెప్పడానికి వచ్చిన మాట. ఫోను అంగడికి ఇచ్చేముందు సిమ్ము, మెమొరీ కార్డు తీసి మీ జేబులో పెట్టుకోండి. ఇంట్లో ఒక బటన్ల ఫోను, పాతదైనా సరే, చార్జి చేసి ఉంచండి. సిమ్ము అందులో వేస్తే ఓటీపీ వస్తుంది. ఓటీపీకి టచ్ ఫోను అక్కర్లేదు. "సిమ్ము పోతే డూప్లికేటు తీసుకోవచ్చు గదా" అంటారు. తీసుకోవచ్చు, కానీ 2022 చివర్లో టెలికాం శాఖ ఒక నియమం పెట్టింది: సిమ్ము మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆగిపోతాయి. మోసగాళ్లను ఆపడానికి పెట్టారు, మంచిదే. అర్జీకి చివరి రోజున డూప్లికేటు సిమ్ము తెచ్చుకుంటే మాత్రం ఆ రోజు ఓటీపీ రాదు. ఒక రోజు ముందే చూసుకోవాలి.

ఫోను ఆన్ అయ్యే స్థితిలో ఉంటే డబ్బు పంపే యాపుల నుంచి బయటకు రండి. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది, నోటుబుక్కులో రాసుకోండి. ఫోను పోతే పోలీసు ఫిర్యాదు ఇచ్చి, 2023 మేలో మొదలైన సంచార్ సాథీ పోర్టల్లో ఆ నంబరు చెప్పి ఫోనును బ్లాకు చేయించవచ్చు. ఇంతకాలం బ్యాంకులో చేసినవాడిగా ఇంకో ముక్క: చీటీ లేకుండా ఫోను ఇవ్వకండి. ఏం పనిచేయట్లేదు, ఎంత ఖర్చు, ఎప్పుడిస్తారు అనేవి రాయించుకోండి. మార్చిన పాత భాగం అడిగి తీసుకోండి. తేడా వస్తే వినియోగదారుల హెల్ప్‌లైను 1915. అక్కడా మొదట అడిగేది బిల్లే.

పిల్లల్లో ఎవరికైనా ఈ పని మీద మనసు పోతే చిన్నతనంగా అనుకోవద్దు. గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలని బ్యాంకులు నడుపుతాయి. 1982లో ధర్మస్థలం దగ్గర ఉజిరెలో మొదలైన పద్ధతి అది. వాటిలో మొబైల్ రిపేరి నెల రోజుల శిక్షణ, భోజనం, వసతితో సహా ఉచితం. కోలారు జిల్లా నర్సాపురంలో ఐఫోన్లు బిగించే ఫ్యాక్టరీ ఉంది, 2023 నుంచి టాటావాళ్లది. దేవనహళ్లి దగ్గర ఫాక్స్‌కాన్ ఇంకో పెద్దది కట్టింది. మన పక్కనే తయారవుతున్న వస్తువు మూత తీయడానికి మనం భయపడడం ఏం బాగుంటుంది?

ఆ అమ్మాయి డిగ్రీ పూర్తి చేసింది. కమ్మలు విడిపించడానికి మాత్రం రెండేళ్లు పట్టింది.

భోజనాల తర్వాత ఈ డబ్బా తెరిచి ఆ బల్ల దగ్గరే కూర్చుంటాను. చూడాలనుకున్నవాళ్లు రండి, చేత్తో పట్టుకొని చూడండి. స్క్రూలు నువ్వుగింజంత ఉంటాయి, ఫ్యాను కింద మాత్రం పెట్టకండి.